సమస్య: "ఉమ్మి వేయువాఁడె యుత్తముండు"

గోస్తని (నిర్వాహకురాలు):
ఈ వారం పాదం పైనే ఉంది, దీన్ని చివరి పాదంగా పెట్టి ఆటవెలది పద్యం పూరించండి. ఫిబ్రవరిలో మేం నలుగురం శని, ఆదివారాలు నాసిక్ ద్రాక్షతోటలకు వెళ్లాం. యూరప్‌లో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కోతలైతే ఇక్కడ జనవరి నుంచి మార్చి దాకా. సెప్టెంబరు, అక్టోబరుల్లో కొమ్మలు కత్తిరిస్తారు, కాయ చలికాలంలో పండుతుంది. వైన్ టేస్టింగ్ బల్ల మీద గ్లాసుల పక్కన ఒక స్టీలు బకెట్ పెట్టారు. రుచి చూసి అందులో ఉమ్మేయాలి. డబ్బులిచ్చి కొన్నది ఉమ్మేయడమేంటని మావాడొకడు గొడవ పెట్టుకున్నాడు. పాదం అక్కడ పుట్టింది. మందు ముట్టనివాళ్లూ రండి, మీకూ దారి ఉంది.

కోటిపల్లి మాస్టారు:

గౌతమీ తటాన ఘనమైన ద్రాక్షల
తోటఁ జూడ నేఁగు దోస్తులందు
రుచిని చూచి చూచి రూఢిగాఁ దూలక
యుమ్మి వేయువాఁడె యుత్తముండు

మా రేవులో మేం మునిగే గోదావరి నీళ్లు త్ర్యంబకంలో పుట్టి, గంగాపూర్ ఆనకట్ట దాటి, ఆ తోటల పక్కనుంచే మా దాకా వస్తాయి. అందుకే గౌతమితో ఎత్తుకున్నాను.

శార్దూలం:
ఎత్తుగడ బాగుంది మాస్టారూ. కానీ 'రూఢిగా' పాదం మొదటి 'రు'తో యతి కలపడానికి అరువు తెచ్చిన మాట. తూలకపోవడంలో రూఢి ఏమిటి? 'నేఁగు' పక్కన 'దోస్తులు' కూడా పంటి కింద రాయిలా తగిలింది.

కోటిపల్లి మాస్టారు:
కలిసి తిరగడానికి వెళ్లినవాళ్లు దోస్తులే అవుతారు, 'మిత్రవర్యులు' కారు. ఇక అరువు మాట మీరెత్తారు కాబట్టి అడుగుతున్నా: పోయిన నెల కందంలో, రెండో అక్షరాలు కలిపే ప్రాసయతి వేసి యతి కుదిరిందన్నారు. కందంలో ప్రాసయతి చెల్లుతుందని మీకెవరు చెప్పారు?

పైరగాలి:
పెద్దలిద్దరూ ఒక్క క్షణం ఆగండి, నాదీ చూడండి.

గ్లాసు తిప్పి తిప్పి గాలి యాడనిచ్చి
ముక్కుఁ బెట్టి పీల్చి మురిసి పోయి
నాల్కమీద త్రిప్పి నాణ్యమ్ముఁ దెలిసియు
నుమ్మి వేయువాఁడె యుత్తముండు

కోటిపల్లి మాస్టారు:
మొదటి పాదం చివరి గణం చూడమ్మా. 'డనిచ్చి', లఘువు గురువు లఘువు, అంటే జగణం. ఆటవెలదిలో దానికి చోటెక్కడిది? 'గాలి యాడఁగ నిచ్చి' అను, సరిపోతుంది.

పైరగాలి:
మార్చాను మాస్టారూ. కానీ మూడో పాదం మీద ఎవరూ మాట్లాడలేదు, నా పూరణ బలమంతా అక్కడే ఉంది. మింగకపోతే రుచేం తెలుస్తుందని అడుగుతారు. రసం నోట్లో ఉండగానే దాని వాసన గొంతు వెనక నుంచి ముక్కుకి ఎక్కుతుంది. పులుపు, వగరు, తీపి నాలుక మీదే తేలిపోతాయి. ఇక మింగితే ఎక్కేది మత్తే.

మంజీర:
గోస్తని గారు దారి ఉందన్నారుగా, నేను పట్టుకున్నది ఇదీ.

మధువు వలదు నాకు మంచి ద్రాక్షయె చాలు
కొరికి తీపి నెల్ల గొంతు దింపి
గింజ చేదటంచుఁ గినియక నేలపై
నుమ్మి వేయువాఁడె యుత్తముండు

శార్దూలం:
నాసిక్ నుంచి మన బజారుకు వచ్చేది థాంప్సన్ సీడ్‌లెస్. లేని గింజని ఎలా ఉమ్ముతారండీ?

మంజీర:
అది తినే ద్రాక్ష శార్దూలం గారూ. తెల్ల వైన్‌కి వేసే షెనిన్ బ్లాంక్, ఎర్రదానికి వేసే షిరాజ్ కాయలు చిన్నవి, లోపల గింజలు. తోటలో ఒక కాయ కోసి కొరికి చూడండి. ముందు తీపి, వెంటనే గింజ పంటికి తగిలి నోరంతా వగరు. అంతదాకా ఎందుకు, మా హైదరాబాదు అనాబ్-ఎ-షాహీ తిన్నవాళ్లకి గింజ గురించి నేను చెప్పాలా?

గోస్తని:
నేను అనుకున్న దారి ఇదే. చుక్క వైన్ లేకుండా పాదాన్ని నిలబెట్టారు. ఈ వారం నాకు బాగా నచ్చిన విరుపు మంజీర గారిదే.

తాటాకు తమ్ముడు:

కారు నడుపువాఁడు గడుపులోఁ బోయక
నాల్కకంటఁ జేసి నవ్వి లేచి
తోడి ప్రాణములకుఁ దోడుగా నిలిచెడి
యుమ్మి వేయువాఁడె యుత్తముండు

పైరగాలి:
భావం గొప్పది తమ్ముడూ, తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ పట్టేవాడి మీదే అందరి ప్రాణాలూ. కానీ 'నిలిచెడి యుమ్మి' అని కలిపి చదివితే ఉమ్మి నిలబడుతోంది. 'నిలువఁగ' అని, కింద 'నుమ్మి' చెయ్యి. గణం చెక్కుచెదరదు.

శార్దూలం:
మాస్టారూ, కందం సంగతి అక్కడే తేల్చుకుందాం. ఆటవెలదిలో ప్రాసయతి చెల్లుతుందని మీరూ ఒప్పుకుంటారు. రెండు పాదాల్లో వేశాను, కాస్త చూడండి.

తెల్లదాని వెనుక నల్లనిదింకొక
గుక్క పిదప గుక్క మక్కువైన
చివరి గ్లాసు రుచియుఁ జెడకుండ నిలుపంగ
నుమ్మి వేయువాఁడె యుత్తముండు

కోటిపల్లి మాస్టారు:
రెండు చోట్లా కుదిరింది. టేస్టింగ్‌లో తెల్లవి ముందు, ఎర్రవి తర్వాత పోస్తారు, ఆ వరస పద్యంలోకి దిగింది. షిరాజ్‌ని నల్లనిదనడమూ సబబే, గ్లాసు నిండా పోస్తే నల్లగానే కనిపిస్తుంది. మేమంతా మత్తు గురించి, గింజ గురించి, కారు గురించి రాశాం. మొదటి మూడు గ్లాసులూ మింగినవాడికి నాలుగోదాని రుచి తెలియదన్నది మీకొక్కరికే తట్టింది. 'మక్కువైన' దగ్గర మాత్రం 'మక్కువైనను' అని అర్థం లాగాల్సి వస్తోంది, అదొక్కటీ సవరించండి. కందం మాత్రం నేను వదలను.