1857 ఢిల్లీలో ‘తిలంగాలు’ ఎవరు?

సిపాయిల తిరుగుబాటు మీద వచ్చిన ఒక అనువాద గ్రంథం చదువుతున్న మిత్రులొకరు ఇక్కడ మంచి ప్రశ్న వేశారు. 1857 మే 11న మీరట్ నుంచి వచ్చి ఢిల్లీలో ప్రవేశించిన సైనికులను ఆ పుస్తకంలో ‘తెలంగీలు’ అన్నారట. అంటే ఆ తిరుగుబాటులో తెలుగువారు ముందువరుసలో నిలిచారని అనుకోవచ్చునా అని వారి సందేహం. అలా అనుకోవడానికి వీలు లేదు. అయితే ఆ మాటకూ మనకూ ఉన్న చుట్టరికం మాత్రం నిజమైనదే. అది తెలియాలంటే 1857 నుంచి నూరేళ్లు వెనక్కి వెళ్లాలి.

బంగాళం నవాబు సిరాజుద్దౌలా 1756లో ఇంగ్లీషు వారి కలకత్తాను పట్టుకున్న తరువాత, దానిని తిరిగి సాధించడానికి ఈస్టిండియా కంపెనీ సేనాని క్లైవు, నౌకాదళాధిపతి వాట్సన్ ఆ అక్టోబరులో మద్రాసు నుంచి ఓడలెక్కారు. వారి వెంట తెల్ల సైనికులే కాక వెయ్యికి మించిన దేశీయ సిపాయిలు కూడా వెళ్లారు. ఐరోపా పద్ధతిలో కవాతు నేర్చి, వరుసకట్టి తుపాకులు పేల్చే ఇలాంటి కాల్బలం బంగాళానికి కొత్త. పారశీక గ్రంథాలు మన ప్రాంతాన్ని ‘తిలంగ్’ అని పేర్కొనేవి కాబట్టి, ఆ దిక్కు నుంచి వచ్చిన సిపాయి ‘తిలంగా’ అయ్యాడు. నిజానికి మద్రాసు సిపాయిలలో తమిళులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. దూరాన ఉన్నవారికి అందరూ ఒక్క దేశం వారిగానే కనబడ్డారు.

1757లో కంపెనీ కలకత్తాలో ‘లాల్ పల్టన్’ (ఎర్ర పటాలం) అనే సిపాయి దళాన్ని కూర్చినప్పుడు అందులో చేరినవారు ఉత్తరాదివారే. అయినా ఉడుపూ కవాతూ అవే కావడంతో పాత పేరు వారికీ అంటుకుంది. అక్కడి నుంచి ‘తిలంగా’ ఒక దేశం పేరుగా కాక ఒక వృత్తి పేరుగా నడిచింది. అవధ్ నవాబు కొలువులో ఐరోపా తరహా శిక్షణ పొందిన బంట్లూ తిలంగాలే, నేపాల్‌లో గోర్ఖా రాజుల కాల్బలమూ తిలంగాలే. ఇక్కడ ఒక విచిత్రం చెప్పక తప్పదు: 1758లో కంపెనీ సేనాని కర్నల్ ఫోర్డు బంగాళం సిపాయిలను వెంటబెట్టుకుని విశాఖపట్నంలో దిగి, విజయనగరం ఆనంద గజపతిరాజు సేనతో కలిసి చందుర్తి దగ్గర ఫ్రెంచివారిని ఓడించాడు. మన పేరు మోస్తున్న పరదేశి సిపాయిలు రెండేళ్లు తిరక్కుండానే మన పొలాల్లో యుద్ధం చేశారన్నమాట.

1857 నాటికి బంగాళం సైన్యంలో అత్యధికులు అవధ్, బిహారు ప్రాంతాల బ్రాహ్మణులు, రాజపుత్రులు. ఆ ఏటి ఢిల్లీ ఉర్దూ కాగితాల్లో, ముఖ్యంగా దుకాణాలు దోచుకుంటున్నారంటూ నగరవాసులు మొగలు చక్రవర్తి బహదూర్ షా జఫర్‌కు పెట్టుకున్న అర్జీల్లో కనిపించే ‘తిలంగే’ వీరే. ఆ అర్జీల్లో ఈ మాటకు ‘మా ఊరివాడు కాని పల్టను మనిషి’ అన్న ఛాయ ఉన్నదని నా అభిప్రాయం. మద్రాసు సైన్యం అప్పట్లో చాలావరకు కంపెనీ పక్షానే ఉండిపోయింది. తెలుగు నేల మీద 1857ను వెదకదలచినవారు జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ హైదరాబాదు రెసిడెన్సీపై (బ్రిటిషు ప్రతినిధి నివాసంపై) జరిపిన దాడిని చూడాలి.

ఇక అనువాదం సంగతి. ‘తెలంగీ’ అని రాస్తే పాఠకుడు తప్పుదారి పట్టడం ఖాయం, ‘తెలంగులు’ అంటే మరీ ప్రమాదం. రచయిత తన మాటగా కథనం నడిపేచోట ‘సిపాయి’ చాలు. అర్జీలను ఉటంకించే చోట మాత్రం నగరవాసి గొంతు పోకుండా ‘తిలంగా’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు ఒక వాక్యంలో వివరణ ఇవ్వడం మేలు. 1756కు ముందటి పారశీక గ్రంథాల్లో ఇదే మాట తగిలితే ఈ నియమం పనికిరాదు. అక్కడ అది మన దేశాన్నీ మన జనాన్నీ చెబుతూ ఉండవచ్చు గనుక, సందర్భం చూసి ‘తెలుగువాడు’ అనే రాయవలసి రావచ్చు.