.315కు ఫైబర్ స్టాకు వేయించాక ట్రిగ్గర్ తేడా కొడుతోంది

పలమనేరు తోట:
నమస్తే అన్నలారా. మా నాయన కాలం నాటి .315 స్పోర్టింగ్ రైఫిల్, ఇషాపూర్ తయారీ. నాయన పోయినాక లైసెన్సు నా పేరుకు మారింది. స్టాకులో, అంటే రైఫిల్‌ను పట్టుకుని ఉండే చెక్కలో, గొట్టం కింద ఉండే ముందు భాగం వెనక కొన దగ్గర పగిలిపోతే, తెలిసినాయన ఒకాయన ఫైబర్ స్టాకు సెట్టు తెచ్చి బిగించిచ్చినాడు. అప్పటినుంచి ట్రిగ్గర్ తీరు మారింది. ముందైతే వేలు పెడితే కొంచెం దూరం వదులుగా వచ్చి, ఒకచోట ఆగి, ఇంకా నొక్కితే దెబ్బ పడేది. ఇప్పుడు ఆ వదులే లేదు, వేలు ఆనిస్తే టక్కుమంటుంది. నిన్న ఖాళీ రైఫిల్ బోల్టు కాస్త జోరుగా మూస్తే దానంతటదే దెబ్బ పడింది. ట్రిగ్గర్‌ను ఎవరూ ముట్టలేదు, మారింది స్టాకు ఒక్కటే. మెత్తబడితే గురి బాగా కుదురుతుందిలే అంటున్నాడు ఆయన. ఇంట్లో చిన్నపిల్లలుండారు, నాకు భయంగా ఉంది.

తిరుపతి షూటర్:
నేను 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఆడతాను. ఎయిర్ పిస్టల్ వాళ్లకు ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకు తగ్గకూడదు గానీ, మా రైఫిల్‌కు అట్లాంటి హద్దేమీ లేదు, చాలా మెత్తగా పెట్టుకుంటాం. మెత్తగా ఉండడమే తప్పనుకోవద్దు. సర్దే స్క్రూ ఉంటే కొంచెం తిప్పి చూడండి.

రిటైర్డ్ ఆర్మరర్, చిత్తూరు:
తిరుపతి తమ్ముడి మాట రేంజ్ వరకు సరే. అక్కడ రైఫిల్ ఎప్పుడూ టార్గెట్ వైపే ఉంటుంది, కమాండ్ వచ్చాకే లోడ్ చేస్తారు, ఆ ట్రిగ్గర్‌ను అంత మెత్తదనానికి తగ్గట్టే తయారుచేస్తారు. .315లో తిప్పడానికి స్క్రూ ఏదీ లేదు, వెతకొద్దు.

పలమనేరు తమ్ముడూ, ముందు ఈ రైఫిల్‌లో తూటా పెట్టడం మానెయ్. మేగజీన్ తీసి, బోల్టు వెనక్కి లాగి, తూటా కూర్చునే చాంబర్‌లోకి కంటితో చూడు, వేలు పెట్టి కూడా చూడు. తర్వాత బోల్టు విడిగా తీసి వేరేచోట తాళం వెయ్. మిగతావన్నీ ఆ తర్వాతే.

ట్రిగ్గర్ ముట్టలేదంటున్నావు గానీ, స్టాకు మార్చినప్పుడే ట్రిగ్గర్ కూడా మారిపోయింది. ఈ రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్ కుటుంబానిది, పాత బ్రిటిష్ సైన్యం రైఫిళ్ల రకం. ఆ పాత పద్ధతిలో సియర్, అంటే కాక్ చేసినదాన్ని పట్టి ఆపే కొక్కెం, పైన రిసీవర్‌కు (బోల్టు కదిలే ఇనుప భాగానికి) ఉంటుంది, ట్రిగ్గర్ మాత్రం కింద దాని చుట్టూ ఉండే గార్డుకు పిన్నుతో తగిలించి ఉంటుంది. రెంటి మధ్య దూరాన్ని కాపాడేది చెక్కే. గార్డు విప్పినప్పుడు ట్రిగ్గర్ దాంతోపాటే చేతికొస్తే నీదీ ఈ రకమే. ఆ ట్రిగ్గర్ పైభాగాన రెండు గుబ్బలుంటాయి. మొదటిది సియర్‌ను నెట్టినంతసేపు నువ్వు చెప్పిన ఆ వదులు, రెండోది ఆనినాక బిగువు. కొత్త స్టాకులో గార్డు రవ్వంత పైకి జరిగి కూర్చుంటే చాలు, మొదటి గుబ్బ చేయాల్సిన పని నువ్వు వేలు పెట్టకముందే అయిపోతుంది. సియర్ సగం దిగి, కాకింగ్ పీస్‌ను (బోల్టు వెనక, వదిలితే ముందుకు దూకి తూటాను పేల్చే ముక్కను) అంచుతో మాత్రమే పట్టుకుని ఉంటుంది. బోల్టు జోరుగా మూస్తే ఆ కుదుపుకే జారుతుంది. భుజానికి ఆనించే బట్టు నేలకు తగిలినా జారొచ్చు.

సైన్యం కూడా పడిన అవస్థే ఇది. చెక్క వానకు ఉబ్బినా, ఎండకు కుంచించుకున్నా ట్రిగ్గర్ మారిపోయేది. 1949 నుంచి తయారైన, ఇదే కుటుంబపు నంబర్ 4 మార్క్ 2 రైఫిల్‌లో ట్రిగ్గర్‌ను రిసీవర్‌కే తగిలించింది అందుకే.

ఇంకొకటి చూడు. గార్డు ముందు స్క్రూ పోయే రంధ్రంలో చిన్న ఉక్కు గొట్టం ఉండాలి, కాలర్ అంటాం. స్క్రూ ఎంత బిగించినా గార్డు ఎక్కడ ఆగాలో తేల్చేది అదే. చెక్క మార్చేటప్పుడు అది పాతదాంట్లోనే ఉండిపోతుంటుంది. సియర్‌ను ఎమరీతో రుద్ది సరిచేస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. గట్టిపరచిన పైపొర పోయిందంటే ఇక అరుగుతూనే ఉంటుంది.

తిరుపతి షూటర్:
స్క్రూ మాట వెనక్కి తీసుకుంటున్నా అన్నా. ఒక డౌటు, ఇట్లా తేడా వచ్చినప్పుడు బోల్టే వేరేది దొరికితే వేసేయొచ్చా?

రిటైర్డ్ ఆర్మరర్, చిత్తూరు:
వద్దు. బోల్టును, దాని తలను ఆ రైఫిల్‌కే కొలత చూసి కూర్చోబెడతారు. వేరేది వేస్తే హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్టు తలకూ తూటాకూ మధ్య ఉండాల్సిన సందు, తప్పుతుంది. అది ఎక్కువైతే పేలినప్పుడు తూటా గొట్టం చీలి, వేడి గ్యాస్ వెనక్కి, కాల్చేవాడి ముఖం వైపు వస్తుంది. బోల్టు మీద నంబరు, రైఫిల్ మీద నంబరు ఒకటే ఉండేది ఊరికే కాదు.

పలమనేరు తోట:
అన్నా, కాలర్ పాత చెక్కలోనే ఉంది! నల్లగా తుప్పుపట్టి చెక్క రంగులో కలిసిపోయింది, అగ్గిపుల్లతో గీకితే గానీ ఇనుమని తెలియలేదు. గార్డు తీస్తే ట్రిగ్గర్ దాంతోనే వచ్చింది. ఇప్పుడు కాలర్ కొత్తదాంట్లో పెట్టి బిగించేస్తే సరిపోతుందా?

రిటైర్డ్ ఆర్మరర్, చిత్తూరు:
సరిపోదు. ఆ ఫైబర్ నీ రైఫిల్ కొలతకే చేసిందని నమ్మకమేముంది? ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 5 ప్రకారం తుపాకుల రిపేరు వృత్తిగా చేసేవాడికి లైసెన్సు ఉండాలి. అట్లాంటి డీలర్ దగ్గరికి పాత చెక్క, కాలర్, కొత్త సెట్టు అన్నీ పట్టుకుపో. నన్నడిగితే పాత చెక్క పగులు అతికించి దాన్నే వాడుకోవడం మేలు.

అక్కడే, నీ కళ్లముందే ఖాళీ రైఫిల్‌తో చూపించమను. బోల్టు పదేపదే జోరుగా మూయాలి. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కి వదిలాక, సేఫ్టీ తీస్తే పడకూడదు. కాక్ చేసి బట్టును రబ్బరు సుత్తితో గట్టిగా తట్టాలి. ఒక్కసారి పడినా ఇంటికి తెచ్చుకోవద్దు. వదులు, బిగువు రెండూ నీ వేలికి వేరువేరుగా తెలిశాకే డబ్బులివ్వు. లైసెన్సు పుస్తకం వెంట ఉంచుకో, బోల్టు విడిగా మూటగట్టి తీసుకెళ్లు.