‘నాక్డ్ అప్’ల కాన్పు సీన్ ఏ టైంకు వస్తది?

మాది హన్మకొండ. వదినకు ఏడో నెల, శ్రీమంతానికొచ్చిన ఆడోళ్లంతా నవ్వే సినిమా పెట్టమన్నరు. 2007ల వచ్చిన ఇంగ్లిష్ కామెడీ సినిమా ‘నాక్డ్ అప్’ పెట్టిన. ఒక్క రాత్రి పరిచయం, కడుపు, పనీపాటా లేని హీరో. వదిన పొట్ట పట్టుకొని నవ్వింది. పెద్దమ్మేమో ‘గివేం మాటలురా’ అనుకుంట లేచిపోయింది. సబ్‌టైటిల్స్ తీసేస్తే కథ అర్థంకాలే. బూతు వచ్చినప్పుడల్లా రిమోట్‌తో జరిపితే జోకులూ పోయినయ్.

బూతులకేం, ఓర్చుకుంటరు. చివర్ల కాన్పు మాత్రం మరీ దగ్గరగా చూపిస్తరట, అది వదిన ఇప్పుడు చూడొద్దు. నెట్‌ల వెతికితే ఒక్కొక్కరు ఒక్కో టైం రాసిండ్రు, పొడుగు వెర్షన్ వేరే ఉన్నదాయె. మిగతాది ఆదివారం చూస్తమంటున్నరు.

నా దగ్గరున్నది 129 నిమిషాల థియేటర్ వెర్షన్. దాంట్ల ఆ సీన్ ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా?