పీ0420 కోడ్ వస్తే కన్వర్టర్ మార్చాల్సిందేనా?

కాకినాడ_కారు
నాది 2017 నాటి బీఎస్4 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఇప్పటికి 92,000 కిలోమీటర్లు తిరిగింది. చెక్ ఇంజిన్ లైటు వెలగడంతో సర్వీస్ సెంటరుకు తీసుకువెళ్లాను. వారు స్కానర్ పెట్టి చూసి పీ0420, పీ0171 అనే రెండు లోపం కోడ్‌లు ఉన్నాయన్నారు. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌తో పాటు దాని ముందూ వెనుకా ఉన్న ఆక్సిజన్ సెన్సార్లు రెండూ మార్చాలని చెప్పి, 68,000 రూపాయల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. మా వీధి చివరి మెకానిక్ మాత్రం వెనుక సెన్సార్‌ను పొగ దారి నుంచి కాస్త బయటికి జరిపే స్పేసర్ అనే ముక్క బిగిస్తే లైటు ఆరిపోతుందనీ, అది వెయ్యి రూపాయల లోపు పనేననీ అంటున్నాడు. బండి లాగడంలో తేడా ఏమీ లేదు గానీ మైలేజీ కొద్దిగా తగ్గింది. ఈ మధ్యనే పొల్యూషన్ పరీక్షలో కూడా పాసైంది. అలాంటి బండికి కన్వర్టర్ పోయిందంటే నమ్మవచ్చా? వీరిద్దరిలో ఎవరి మాట వినమంటారు?

ఆటోనగర్_పానా
మీ మెకానిక్ చెప్పిన దానిలో తప్పేమీ లేదు. అమ్మితే రెండున్నర లక్షలు పలకని బండికి 68,000 పెట్టమనడం న్యాయం కాదు. కన్వర్టర్ పూర్తిగా మూసుకుపోతే బండి ఊపిరాడనట్టు లాగుతుంది, ఎత్తు ఎక్కలేదు, సైలెన్సర్ చివర పొగ వేగం తగ్గుతుంది. మీకు ఆ లక్షణాల్లో ఒక్కటీ లేదు. విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు ఇదే కోడ్‌తో బండ్లు వస్తూనే ఉంటాయి. చాలావాటికి స్పేసర్ వేసి పంపుతాం, అవి హాయిగా తిరుగుతున్నాయి. పొల్యూషన్ వారు సైలెన్సర్‌లో ప్రోబ్ పెట్టి చూస్తారే తప్ప స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే ఓబీడీ పోర్టు జోలికి పోరు.

లాంబ్డా_ఒకటి
ఇద్దరి సలహాలోనూ ఒకే లోపం ఉంది. కోడ్ ఎందుకు వచ్చిందో సర్వీస్ సెంటరూ చూడలేదు, మీ వీధి మెకానిక్కూ చూడలేదు. పీ0420 అంటే కన్వర్టర్ పనితీరు నిర్ణీత హద్దు కంటే తగ్గినట్టు ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, లెక్కకు వచ్చిందని మాత్రమే అర్థం. ఆ లెక్క సెన్సార్ల రీడింగుల మీద ఆధారపడినది కాబట్టి, రీడింగే తప్పయితే లెక్కా తప్పుతుంది.

మామూలు జిర్కోనియా సెన్సార్ ఉన్న బండిలో ఇంజిన్ వేడెక్కాక ముందు సెన్సార్ వోల్టేజి 0.1 నుంచి 0.9 మధ్య చకచకా పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. కన్వర్టర్ లోపలి పూతలో ఉండే సీరియం ఆక్సైడ్ ఆక్సిజన్ ఎక్కువైనప్పుడు దాన్ని పట్టి ఉంచి, తక్కువైనప్పుడు వదులుతుంది. అందువల్ల ఆ ఊపు కన్వర్టర్ దాటేసరికి చల్లారిపోయి, వెనుక సెన్సార్ 0.6, 0.7 దగ్గర దాదాపు నిలకడగా ఉండాలి. వెనుకది కూడా ముందుదానిలాగే ఊగుతోందంటే కన్వర్టర్‌లో ఆక్సిజన్‌ను పట్టి ఉంచే శక్తి తగ్గిందని ఈసీయూ భావిస్తుంది. సెన్సారుకు ముందు ఎక్కడైనా ఎగ్జాస్ట్ లీకు ఉండి బయటి గాలి లోపలికి వస్తున్నా రీడింగులు ఇలాగే తప్పుతాయి.

మీ విషయంలో అసలు చూడవలసింది రెండో కోడ్. పీ0171 అంటే మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని ఈసీయూ అనుకుంటోందన్న మాట. ముందు సెన్సారుకు ఎగువన, ఇంజిన్ నుంచి పొగ బయటికి వచ్చే మానిఫోల్డ్ అతుకులోని గాస్కెట్ లీకై గాలి పీలుస్తుంటే సెన్సార్ ఆ గాలిని చూసి మిశ్రమం పలచగా ఉందని చెబుతుంది. ఈసీయూ దాన్ని నమ్మి పెట్రోలు పెంచుతుంది. మీ మైలేజీ తగ్గడానికి కారణం అదే అయ్యే అవకాశం ఉంది. లేదా ఇన్‌టేక్ వైపు వాక్యూమ్ పైపు పగిలి ఉండవచ్చు, ఎయిర్‌ఫ్లో సెన్సార్ ఉన్న బండి అయితే దాని మీద దుమ్ము పేరుకుని ఉండవచ్చు. వీటిలో ఏదీ కన్వర్టర్ మారిస్తే పోయేది కాదు.

రెండు సెన్సార్లూ మార్చమనడం మరీ విడ్డూరం. సెన్సార్ హీటర్ పోతే పీ0135, పీ0141 వంటి కోడ్‌లు వస్తాయి, మీకు అవి లేవు. వచ్చినా ముందు ఫ్యూజ్ చూసి, మల్టీమీటరుతో హీటర్ రెసిస్టెన్స్ కొలిచి, ఎలుకలు వైరు కొరికాయేమో చూసిన తరువాతే సెన్సార్ కొనాలి. పార్క్ చేసిన బండి బానెట్ కింద ఎలుకలు చేసే నష్టం మన దగ్గర ఎవరికీ కొత్త కాదు.

ఒక బ్లూటూత్ స్కానర్ తెచ్చి, లైవ్ డేటాలో వెనుక సెన్సార్ వోల్టేజినీ, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్‌నూ (ఈసీయూ పెట్రోలును ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకె) ఇంజిన్ బాగా వేడెక్కాక నోట్ చేయండి. ట్రిమ్ ప్లస్ పదికి మించి ఉంటే కన్వర్టర్ మాట పక్కన పెట్టి లీకు వెతకండి. లైటు నిలకడగా వెలగక మిణుకుమిణుకుమంటే మాత్రం ఆ బండిని నడపవద్దు. అది తీవ్రమైన మిస్‌ఫైర్‌కు గుర్తు. కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండితే లోపలి పింగాణీ జల్లెడ కరిగి ముద్దవుతుంది.

బే_ఏరియా_తెలుగు
స్పేసర్ గురించి ఒక మాట. నేను కాలిఫోర్నియాలో ఉంటాను. ఇక్కడ స్మాగ్ పరీక్షలో ఓబీడీ పోర్టులోంచే సమాచారం తీసుకుంటారు. లైటు వెలుగుతున్నా ఫెయిలే, పరీక్షకు ముందు కోడ్ చెరిపేసి వెళితే బండి తనను తాను పరీక్షించుకునే మానిటర్లు పూర్తి కాలేదని తెలిసిపోయి అప్పుడూ ఫెయిలే. సెన్సార్‌ను ఏమార్చే స్పేసర్ చట్టవిరుద్ధం. బయటి కంపెనీ కన్వర్టర్ వేయించుకున్నా దాని మీద రాష్ట్ర ఎయిర్ రిసోర్సెస్ బోర్డు అనుమతి నంబరు ఉండాలి. మరోవైపు ఇక్కడి ఫెడరల్ నిబంధన కన్వర్టర్‌కూ, ఈసీయూకూ 8 ఏళ్లు లేదా 80,000 మైళ్ల వారంటీ తప్పనిసరి చేసింది. అమెరికాలో ఉన్నవారు డబ్బు కట్టే ముందు ఆ గడువు చూసుకోండి.

ఆటోనగర్_పానా
కాలిఫోర్నియా చట్టం చూపించి కాకినాడ బండికి బిల్లు వేస్తే ఎలా? ఇక్కడ అలాంటి వారంటీ ఎవరిస్తున్నారు? పైగా పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలిపాక పాత బండ్లకు ఈ పలచదనం కోడ్‌లు ఎక్కువయ్యాయని మేము కళ్లారా చూస్తున్నాం. దానికి కారు యజమాని ఏం చేస్తాడు?

లాంబ్డా_ఒకటి
చట్టం ఇక్కడా ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘించి నడిపితే 2019 సవరణ తరువాత 10,000 రూపాయల దాకా జరిమానా ఉంది. పట్టుకునేవారు లేరు అనడం వేరు, తప్పు లేదు అనడం వేరు.

ఇథనాల్ విషయంలో మీ మాటలో కొంత నిజం ఉంది. శుద్ధ పెట్రోలు కిలో కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇరవై శాతం కలిపిన పెట్రోలుకు అది దాదాపు 13.5 కు పడిపోతుంది. అంటే అంతే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి. ఆ సర్దుబాటు ఈసీయూ ట్రిమ్ ద్వారా చేసుకుంటుంది. అయితే ఇప్పటికే చిన్న లీకు ఉన్న బండిలో ఆ సర్దుబాటుకు మిగిలిన జాగా ఇథనాల్‌తో అయిపోయి, కోడ్ బయటపడుతుంది. ఇథనాల్ దాన్ని బయటపెట్టింది, అంతే. లీకు లీకే.

ఇక పొల్యూషన్ పరీక్ష. పెట్రోలు బండికి అక్కడ కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు, పెంచిన ఐడిల్‌లో లాంబ్డా (గాలి, పెట్రోలు పాలు సరిగా ఉందో లేదో చెప్పే అంకె) చూస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు. బండి కదలకుండా ఉన్నప్పుడు పొగ తక్కువ కాబట్టి, సగం అరిగిన కన్వర్టర్ కూడా దాన్ని శుభ్రం చేయగలదు. అదే బండి లోడుతో రోడ్డెక్కినప్పుడు లెక్క మారుతుంది. కాబట్టి ఆ సర్టిఫికెట్ కన్వర్టర్ బాగుందనడానికి సాక్ష్యం కాదు.

కాకినాడ_కారు
లైవ్ డేటా చూశాను. లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 16 ఉంది, వెనుక సెన్సార్ 0.1 నుంచి 0.8 దాకా ఊగుతోంది. బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి మానిఫోల్డ్ దగ్గర చెవి పెడితే టిక్ టిక్ మని శబ్దం వస్తోంది, వేడెక్కాక ఆగిపోతోంది. హీట్ షీల్డ్ విప్పించి చూస్తే గాస్కెట్ అంచున ఒక బోల్టు పక్కగా వేలి వెడల్పున నల్లటి మసి చార కనిపించింది. గాస్కెట్ మార్పించి కోడ్‌లు చెరిపించాను. ట్రిమ్ ఇప్పుడు ప్లస్ 4 దగ్గర ఉంది, పీ0171 మళ్లీ రాలేదు. కానీ వారం తిరక్కుండానే పీ0420 ఒక్కటే తిరిగి వచ్చింది. వెనుక సెన్సార్ ఊపు కొంత తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

ఆటోనగర్_పానా
చూశారా, చివరికి కన్వర్టరే కదా!

లాంబ్డా_ఒకటి
అయి ఉండవచ్చు. లీకు వల్ల చాలాకాలం పెట్రోలు ఎక్కువగా పడిన బండిలో కన్వర్టర్ అరగడం వింత కాదు. అయినా కొనే ముందు ఇంకొక్కటి తేల్చుకోవాలి. ఇంజిన్ ఆయిల్ తాగుతోందా? కూలెంట్ తగ్గుతోందా? ఆయిల్‌లోని ఫాస్ఫరస్ కన్వర్టర్ పూతను మూసేస్తుంది, కూలెంట్‌లోని సిలికేట్ సెన్సార్లకు పడదు. ఆ లోపం ఉంచుకుని కొత్తది వేస్తే దానికీ అదే గతి పడుతుంది. రెండూ తగ్గడం లేదంటే కన్వర్టర్ ఒక్కటే మార్చండి, సెన్సార్లు అవే ఉంచండి. మరీ చౌకవాటి జోలికి పోకండి. వాటిలో విలువైన లోహపు పూత పలచగా వేస్తారు కాబట్టి కోడ్ త్వరగానే తిరిగి రావచ్చు.

స్పేసర్ మీద నా అభ్యంతరం చట్టం కోసం మాత్రమే కాదు. మొదటి రోజే అది వేసి ఉంటే పీ0420 పోయి, పీ0171 ఒక్కటే మిగిలేది. దానికి మీచేత ముందు సెన్సార్ కొనిపించేవారు, గాస్కెట్ అలాగే ఉండిపోయేది.

కాకినాడ_కారు
గత సర్వీసు నుంచి డిప్‌స్టిక్ మీద మట్టం దాదాపు అలాగే ఉంది, కూలెంట్ కూడా తగ్గలేదు. సెన్సార్లు లేకుండా కన్వర్టర్ ఒక్కదానికే ఎస్టిమేట్ అడిగితే 41,000 అన్నారు. అదే వేయిస్తున్నాను.

ఆటోనగర్_పానా
నేనైతే ఇప్పటికీ ఆ డబ్బు పెట్టను. పెట్టేటట్లయితే మాత్రం పాత కన్వర్టర్‌ను అక్కడ వదిలి రాకండి. అందులో ప్లాటినం, పలాడియం, రోడియం ఉంటాయి, తుక్కు కొనేవారు దానికి వేరే రేటు కడతారు. బిల్లు కట్టే ముందే ‘పాత పార్టు నాకు కావాలి’ అని జాబ్ కార్డు మీద రాయించుకోండి.