బర్స్ట్‌లో కెమెరా 'బిజీ' అంటోంది: లోపం ప్రాసెసర్‌దా, కార్డుదా, సెట్టింగ్‌దా?

ప్రశ్న:
పెళ్లిళ్లకు 24 మెగాపిక్సెల్ పాత డీఎస్ఎల్ఆర్ వాడుతున్నాను, రా ప్లస్ జేపెగ్‌లో (సెన్సర్ ముడి డేటా ఫైలు, దాంతోపాటు కెమెరా తయారుచేసే మామూలు ఫొటో). తలంబ్రాలప్పుడు బటన్ నొక్కి పట్టుకుని వరుసగా తీస్తే (బర్స్ట్) ఆరేడు ఫొటోలకే 'బిజీ' పడిపోతోంది. ప్రాసెసర్ పాతది, బాడీ మార్చమని సలహా ఇస్తున్నారు. పైగా ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో పెంచుకునే సెట్టింగ్) 3200లో పట్టుచీర జరీ అలికేసినట్టు వస్తోంది. ఇదీ ప్రాసెసర్ వల్లేనా?

సమాధానం:
అన్నా, బాడీ సంగతి తర్వాత, ముందు లెక్క చూడండి. 24 మెగాపిక్సెల్, 14 బిట్ అంటే ఒక్క ఫొటోకి సెన్సర్ నుంచి వచ్చే డేటా 42 ఎంబీ. నష్టం లేకుండా కుదించాక రా ఫైలు 25 నుంచి 30 ఎంబీ మధ్య ఉంటుంది. సెకనుకు 5 ఫొటోలంటే సుమారు 140 ఎంబీ. యూహెచ్ఎస్ (వేగంగా రాసే ఎస్‌డీ కార్డు ప్రమాణం) లేని పాత కార్డు స్లాట్ సెకనుకు 25 ఎంబీకి మించి తీసుకోదు. మిగిలిందంతా ప్రాసెసర్ పక్కనున్న బఫర్ మెమరీలో ఆగుతుంది. అది నిండితే 'బిజీ'. ఇంత తేడాని ఏ కార్డూ పూర్తిగా పూడ్చలేదు. కానీ ఆరేడుకే నిండుతోందంటే సెట్టింగ్స్ కూడా తోడయ్యాయి.

మొదట జేపెగ్ తీసేసి రా ఒక్కటే పెట్టండి. రెండూ పెడితే ప్రతి ఫొటోకీ జేపెగ్ వండే పని అదనం, రాయాల్సిన ఫైళ్లు రెండు. తర్వాత కెనాన్ అయితే 'హై ఐఎస్ఓ నాయిస్ రిడక్షన్'ని (ఎక్కువ ఐఎస్ఓలో లేచే చుక్కల్ని, అంటే నాయిస్‌ని తగ్గించేది) 'హై' నుంచి 'లో'కి దించండి, డిస్టార్షన్ కరెక్షన్ (లెన్స్ వల్ల వచ్చే వంపుల్ని సరిచేసేది) ఆపండి. నైకాన్ అయితే యాక్టివ్ డీ-లైటింగ్ (నీడల్లో వివరం తేల్చేది), ఆటో డిస్టార్షన్ కంట్రోల్ ఆపండి. ఇవి ఆన్‌లో ఉంటే బఫర్‌లో పట్టే ఫొటోల సంఖ్య తగ్గుతుందని కెమెరా మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. చాలామంది ఆ పేజీ తిప్పరు.

జరీ విషయానికొస్తే, అలికేది నాయిస్ రిడక్షనే. సెన్సర్ మీద ఒక్కో గడి ఒక్క రంగునే చూస్తుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ పేరిట 1976లో పేటెంట్ వచ్చిన అమరిక ఇది: ప్రతి నాలుగు గడుల్లో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. మిగతా రంగుల్ని పక్క గడుల్ని బట్టి ప్రాసెసర్ పూరించుకుంటుంది. ఎర్ర చీరలో వివరం చాలావరకు ఆ నాలుగో వంతు గడుల్లోంచే రావాలి. ఐఎస్ఓ 3200లో అక్కడ చుక్కలు లేస్తాయి. సన్నటి జరీ పోగుకీ నాయిస్ చుక్కకీ తేడా తెలియక పాత ప్రాసెసర్ రెండింటినీ కలిపి నున్నగా చేస్తుంది. రా ఫైల్లో ఆ పోగు ఇంకా ఉంటుంది, కంప్యూటర్‌లో తీరిగ్గా బయటికి లాగొచ్చు. జేపెగ్గే ఇవ్వాల్సి వస్తే నాయిస్ రిడక్షన్ 'లో'లో ఉంచండి. ప్రింట్‌లో కాస్త గరుకుదనం ఎవరికీ కనబడదు, పోయిన జరీ మాత్రం అందరికీ కనబడుతుంది.

మరొకరు:
అయితే రా తీసేవాళ్లకి ప్రాసెసర్‌తో పనే లేదా?

సమాధానం:
ఉందండీ, పని వేరు. నైకాన్‌నే తీసుకోండి. 1999 నాటి డీ1: 2.7 మెగాపిక్సెల్, సెకనుకు 4.5 ఫొటోలు, అంటే సెకనుకు 12 మెగాపిక్సెళ్లు. 2007లో మొదటి ఎక్స్‌పీడ్‌తో (నైకాన్ ప్రాసెసర్ పేరు) వచ్చిన డీ3: 12 మెగాపిక్సెల్, 9 ఫొటోలు, దాదాపు 109. 2021లో ఎక్స్‌పీడ్ 7తో జెడ్9: 45.7 మెగాపిక్సెల్, రాలోనే 20 ఫొటోలు, దాదాపు 914. ఈ పరుగంతా సెన్సర్‌దే కాదు, వచ్చినదాన్ని వచ్చినట్టు మింగి కార్డుకి తోసే ప్రాసెసర్‌ది కూడా. కళ్లని గుర్తుపట్టే ఆటోఫోకస్, 4కే వీడియో కూడా దాని పనే.

కొనేటప్పుడు మోడల్ విడుదలైన సంవత్సరం చూసి మోసపోకండి. కెనాన్ 1500డీ, ఎం50 రెండూ 2018లోనే వచ్చాయి. మొదటిదాంట్లో డిజిక్ (కెనాన్ ప్రాసెసర్ పేరు) 4 ప్లస్, రెండోదాంట్లో డిజిక్ 8. డిజిక్ 4 తరం మొదలైంది 2008లో. 1500డీలో ఫుల్ హెచ్‌డీ దాటి వీడియో లేదు. ఎం50లో 4కే ఉంది, కానీ ఫ్రేమ్ బాగా కత్తిరించుకుపోతుంది, డ్యుయల్ పిక్సెల్ ఆటోఫోకస్ (కెనాన్ వేగమైన ఫోకస్ పద్ధతి) 4కేలో పనిచేయదు. బాక్సు మీద '4కే' అని ఉంటే సరిపోదు, ఈ రెండూ అడిగి కొనండి.

డిజిక్ 8తో రా ఫైలు రకం కూడా సీఆర్2 నుంచి సీఆర్3కి మారింది. ఫొటోలు దిద్దే పాత సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ 6 వాడే స్టూడియోల్లో అది తెరుచుకోదు. అడోబీ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్‌లో ఒకసారి తిప్పితే తెరుచుకుంటుంది.

మరొకరు:
దీపావళికి తారాజువ్వలు 8 సెకన్ల ఎక్స్‌పోజర్‌తో తీస్తే ప్రతిసారీ ఇంకో 8 సెకన్లు 'బిజీ'. ఇదీ బఫరేనా?

సమాధానం:
కాదు. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంది. షట్టర్ మూసి అంతే సేపు ఇంకో నల్ల ఫ్రేమ్ తీసి, అందులో వెలిగిన హాట్ పిక్సెళ్లని (వెలుగు లేకపోయినా తప్పుగా వెలిగే చుక్కల్ని) అసలు ఫొటోలోంచి తీసివేస్తుంది. రా ఫైలుని ప్రాసెసర్ ముట్టుకోదని నమ్మేవాళ్లకి ఇక్కడే చెప్పాలి: ఈ తీసివేత రా రాయకముందే జరుగుతుంది, తర్వాత వెనక్కి తిప్పలేం. బాణసంచాకి ఆపేయండి. అంతా అయ్యాక మూత పెట్టి, అదే ఐఎస్ఓ, అదే 8 సెకన్లతో ఒక్క ఫ్రేమ్ తీసుకుంటే, చుక్కలు మిగిలినచోట దాన్ని కంప్యూటర్‌లో వాడుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
రా ఒక్కటే పెట్టి, నాయిస్ రిడక్షన్ 'లో' చేశాను. ఇప్పుడు 11 వస్తున్నాయి. కార్డు సంగతి ఎలా తేల్చుకోవాలి?

సమాధానం:
మాన్యువల్ మోడ్, ఐఎస్ఓ 100, మాన్యువల్ ఫోకస్. లెన్స్ మూత పెట్టి పరీక్షించకండి, నల్ల ఫొటో బాగా కుదించుకుపోయి లెక్క తప్పుతుంది. న్యూస్‌పేపర్ నిండుగా పట్టేలా పెట్టి, వేగం తగ్గేదాకా నొక్కి, వెంటనే వదిలేయండి. మొదటి క్లిక్ నుంచి కార్డు లైటు ఆరేదాకా ఎన్ని సెకన్లో చూడండి. ఫైళ్ల మొత్తం సైజుని ఆ సెకన్లతో భాగిస్తే అసలు రాత వేగం తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
11 ఫైళ్లు, మొత్తం 308 ఎంబీ. 22 సెకన్లు.

సమాధానం:
అంటే సెకనుకు 14 ఎంబీ. పాత స్లాట్‌కైనా ఇది తక్కువే, అనుమానం కార్డు మీదే. డేటా కాపీ చేసుకుని, కెమెరాలో లో-లెవల్ ఫార్మాట్ (కార్డు మొత్తాన్ని తుడిచే ఫార్మాట్) ఉంటే అది చేసి మళ్లీ కొలవండి. మారకపోతే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే కార్డు పరీక్ష ప్రోగ్రామ్ నడపండి. కార్డు మీద రాసిన సైజు నిజమో కాదో, వేగం ఎంతో రెండూ చెబుతుంది. 64 జీబీ కార్డుకి గంట పైనే పడుతుంది, మధ్యలో ఆపకండి. నకిలీదని తేలితే ఆ కార్డుతో ఇంకో పెళ్లికి వెళ్లొద్దు. వీ30 గుర్తున్నది (సెకనుకు కనీసం 30 ఎంబీ రాత వేగానికి గుర్తు), బిల్లుతో కొనండి.