గిటార్ రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డుకి (తీగల కింద వేళ్లు నొక్కే చెక్కపలకకి) నూనె రాయాలా, అక్కర్లేదా?

ఆరోతీగ: తీగలు మార్చిన ప్రతిసారీ నూనె రాయాలని కొందరు, అసలు ముట్టుకోవద్దని కొందరు. ఎండాకాలం రోజ్‌వుడ్ తెల్లబారింది, ఫ్రెట్ల (పలక మీద అడ్డంగా దిగేసిన లోహపు కడ్డీల) చివర్లు చేతికి గీసుకుంటున్నాయి. నూనె రాస్తే తగ్గుతుందా? కొబ్బరినూనె పనికొస్తుందా? వీణ వాయించేవాళ్లు అదేగా వాడేది.

బాసుమేళం: తగ్గదండి. గాలి పొడిబారితే చెక్క అడ్డంగా కుంచించుకుపోతుంది. ఫ్రెట్ లోహం కాబట్టి అలాగే ఉంటుంది, దాని చివర్లు బయటికి పొడుచుకొస్తాయి. చెక్కలోంచి పోయింది నీళ్ల తేమ. నూనె దాన్ని తిరిగి తేలేదు. గిటార్ని కేసులో పెట్టి, లోపల తేమ 45–55 శాతం ఉండేలా చూడండి. తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఒకటి కేసులోనే పడేయండి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో ఇది తప్పదు, కాకినాడ వైపు ఈ బాధ తక్కువ. రెండు మూడు వారాలు తేమలో ఉంచాక కూడా గీసుకుంటుంటే అప్పుడు ఆకురాయి పట్టించండి. ఇప్పుడే అరగదీస్తే వానాకాలంలో చెక్క ఉబ్బి, ఫ్రెట్లు పొట్టివైపోతాయి.

వీణలో నూనె రాసుకునేది వేళ్లకి, తీగ మీద జారడానికి. మెట్లేమో మైనంలో కూర్చుంటాయి. దానికీ దీనికీ పోలిక లేదు.

నల్లచేవ: తేమ సంగతి ఒప్పుకుంటాను. అంతమాత్రాన నూనె దండగ అంటే ఎలా? రోజ్‌వుడ్, లారెల్ రంధ్రాలున్న చెక్కలు, పైన పాలిష్ ఉండదు. చెమట, చర్మపు మురికి ఆ రంధ్రాల్లోకే దిగుతాయి. పల్చటి నూనె పొర ఉంటే మురికి తేలిగ్గా వదులుతుంది. ఏడాదికి ఒకటి, మహా అయితే రెండుసార్లు చాలు.

అసలు పని శుభ్రం చేయడం. తీగలు తీసేయండి (ఫ్లాయిడ్ రోజ్ అయితే, అంటే తీగల బిగువు మీద తేలే బ్రిడ్జి ఉంటే, ముందు దాని కింద చెక్కముక్క పెట్టాలి). పికప్‌లు (తీగల కింద ధ్వనిని పట్టే అయస్కాంతపు భాగాలు) టేపుతో కప్పండి. లేకపోతే రుద్దే స్టీల్ ఊల్ (సన్నటి ఇనుప పీచు) నుంచి రాలే ఇనుపరజను అయస్కాంతాలకి పట్టుకుని వదలదు. ఫ్రెట్ల పక్కన పేరుకున్న మట్టిని పాత ఏటీఎం కార్డు అంచుతో గీకండి. నాలుగు సున్నాల (0000, అన్నిటికన్నా సన్నటి రకం) స్టీల్ ఊల్‌తో చెక్క నార వెంబడే తేలిగ్గా రుద్దండి, అడ్డంగా వద్దు. మొండి జిడ్డుంటే గుడ్డకి కొద్దిగా నాఫ్తా (జిడ్డు కరిగించే, తేలిగ్గా అంటుకునే ద్రావకం), కిటికీ తెరిచి, దగ్గర్లో మంట లేకుండా. రంగేసిన ఎబొనీ (నల్లటి చెక్క) అయితే గుడ్డ నల్లబడొచ్చు, కంగారుపడకండి.

తర్వాత నూనె. మొత్తం బోర్డుకి ఐదారు చుక్కలు, బాస్ గిటార్‌కి ఎనిమిది. సీసాలోంచి నేరుగా పోయకుండా గుడ్డ మీద వేసి పులమండి. పది నిమిషాలాగి పొడిగుడ్డతో పూర్తిగా తుడవాలి, వేలికి జిడ్డు తగలకూడదు.

బాసుమేళం: ఆ ఐదారు చుక్కల దగ్గరే జనం ఆగరు. మిగిలిన నూనె ఫ్రెట్ గాళ్లలోకి దిగుతుంది. రేపు ఫ్రెట్లు మార్చాల్సొస్తే ఆ జిడ్డు మీద జిగురు పట్టదు. కొత్త తీగలు కూడా రెండ్రోజుల్లో మొద్దుబారిపోతాయి.

ఇక కొబ్బరినూనె వద్దు. ఆరదు, చలికాలంలో రంధ్రాల్లో తెల్లగా గడ్డకడుతుంది, పాతబడితే కంపు. నువ్వులనూనె ఇంకా ఘోరం, సగం ఆరి బంకబంకగా మిగులుతుంది. షాపులో అమ్మే ‘లెమన్ ఆయిల్’ సీసాల్లో చాలావాటిలో ఉండేది నిమ్మవాసన కలిపిన మినరల్ ఆయిలే. మందులషాపు లిక్విడ్ పారాఫిన్ అదే జాతి, ధర తక్కువ. ఫర్నిచర్ పాలిష్ జోలికి మాత్రం పోకండి, సిలికోన్ ఉంటే తర్వాత ఏ పూతా సరిగా నిలవదు.

మూడోమెట్టు: అవిసెనూనె మాటేంటి? మాపుల్ (లేత రంగు గట్టి చెక్క) బోర్డుకి?

నల్లచేవ: అవిసెనూనె ఆరి గట్టిపడుతుంది, అదే దాని గుణం. ఒకే ఒక్క పల్చటి పూత, అదీ ఏళ్ల తరబడికి. మందంగా వేస్తే అట్టకడుతుంది. రుద్దిన గుడ్డని ముద్దచేసి చెత్తబుట్టలో పడేయకండి. నూనె గాలితో కలిసి వేడెక్కి, దానంతటదే అంటుకుంటుంది. నీళ్లలో తడిపి, విప్పి ఆరేయండి.

మాపుల్‌కి లక్క పూతో, పాలియురెథేనో ఉంటే నూనె లోపలికే పోదు, తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి, అంతే. పూత అరిగి చెక్క బూడిదరంగు తేలితే దానికి మళ్లీ పూతే వేయించాలి.

బాసుమేళం: ఫ్రెట్‌లెస్ (ఫ్రెట్లు లేని) బాస్‌కి ఎపాక్సీ పూత ఉన్నా ఇదే లెక్క. పూతలేని చెక్క మీద రౌండ్‌వౌండ్ (గుండ్రటి చుట్టున్న, గరుకు) తీగలు గాళ్లు చేస్తుంటే నూనె ఆపలేదు, ఫ్లాట్‌వౌండ్ (చదునైన చుట్టున్న, నున్నటి) తీగలకి మారండి.