‘ఎనీ ఓల్డ్ ఐరన్’ పాట పాత ఇనప సామాన్ల వాడిదేనా?

వాల్తేరు కుర్రాడు:
మొన్న అటక దులుపుతుంటే తాతయ్య దాచుకున్న గ్రామఫోన్ ప్లేట్లు బయటపడ్డాయి. అందులో ఒకటి ‘ఎనీ ఓల్డ్ ఐరన్’, పాడింది హ్యారీ ఛాంపియన్ అని ఉంది. అంచు దగ్గర వేలెడు బీట. గ్రామఫోన్ ఎప్పుడో పోయింది కాబట్టి యూట్యూబ్‌లో విన్నాను. బాబోయ్, ఏం స్పీడండీ, ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో తెలీదు! మూడుసార్లు విన్నా నాకు అందింది ‘పాత ఇనుము’ ఒక్కటే. సరిగ్గా అప్పుడే మా వీధిలోకి మైకు బండి వచ్చి "పాత ఇనప సామాన్లు కొంటాం, పాత పేపర్లు కొంటాం" అని మొదలెట్టింది, మా అమ్మ నవ్వాపుకోలేకపోయింది. ఇంతకీ ఇది సామాన్ల వాడి పాటేనా? మధ్యలో గడియారం, మేయరు, పెళ్లి ఎందుకొచ్చాయి?

పాతప్లేట్ల పిచ్చి:
కాదు తమ్ముడూ. సామాన్ల వాడి కేకని అరువు తెచ్చుకుని ఇంకొకణ్ణి ఏడిపించే పాట ఇది.

కథేంటంటే, అంకుల్ బిల్ పోతూ పోతూ మనవాడికి గొలుసు గడియారం రాసిపోతాడు. వీడు దాన్ని ఛాతీ మీద అడ్డంగా వేలాడేసుకుని, దొరబాబులా పోజు కొడుతూ వీధిలోకొస్తాడు. గుంటలంతా వెంటపడి "పాత ఇనుముందా, పాత ఇనుము" అని కేకలు. అంటే నువ్వు బంగారం అనుకుంటున్నది తుక్కురా అని. రెండో చరణంలో లండన్ మేయర్ని చూసి టోపీ ఎగరేస్తే, అంత పెద్దమనిషీ ఆ గొలుసు చూసి అదే కేక వేస్తాడు. ఆఖరికి సొంత పెళ్లిలో గొలుసు గలగలలాడేసరికి చర్చిలో పాడేవాళ్లు కూడా అదే అందుకుంటారు. గుంటలతో మొదలై చర్చి దాకా పాకింది చూశావా, నవ్వంతా అక్కడే ఉంది.

పాట 1911 నాటిది, రాసింది చార్లెస్ కాలిన్స్, టెర్రీ, షెప్పర్డ్. ఛాంపియన్ అసలు పేరు విలియం క్రంప్, 1865లో లండన్ బెత్నల్ గ్రీన్‌లో పుట్టాడు, 1942లో పోయాడు. ఒంటికి అతకని మాసిన బట్టలేసుకుని స్టేజీ మీదకొచ్చేవాడు, కాబట్టి ఆ గొలుసు దర్జా గురించి పాడుతుంటేనే జనానికి నవ్వు. అతను పాడింది మ్యూజిక్ హాళ్లలో. మ్యూజిక్ హాల్ అంటే మన సంగీత సభ అనుకోకు, 1852లో లండన్ లాంబెత్‌లో పెట్టిన కాంటర్‌బరీ హాల్ నాటి నుంచీ ఒక పక్క తాగుడూ తిండీ, ఒక పక్క పాట. ఆ గోలలో చరణం వినపడకపోయినా పల్లవి హాలంతా కలిసి అరవాలి. మన నాటకాల్లో పద్యానికి వన్స్‌మోర్ కొట్టేవారు చూడు, వీళ్లైతే తామే పాడేసేవారు.

గాజువాక మాస్టారు:
బాగా చెప్పారు గానీ ఒక చిన్న లెక్క వదిలేశారు. పల్లవి చివర నీ గొలుసుకి ‘టప్పెన్స్’ కూడా ఇవ్వను అంటాడు, అంటే రెండు పెన్నీలు. ఆ రోజుల్లో రూపాయి మారకం షిల్లింగూ నాలుగు పెన్నీలు. షిల్లింగుకి పన్నెండు పెన్నీలు కదా, మొత్తం పదహారు. మన రూపాయికి పదహారణాలు. అంటే పెన్నీ అంటే సరిగ్గా అణా! రెండు పెన్నీలు రెండణాలు, అదే మన బేడ. "నీ గొలుసు బేడ చెయ్యదు పోరా" అంటే పాట తెలుగైపోయినట్టే.

ఇంకోటి, స్టీల్ ప్లాంట్ ఊళ్లో కూర్చుని ఇనుముని ఇంత చులకన చేస్తారా :)

వాల్తేరు కుర్రాడు:
మాస్టారూ, బేడ దగ్గర పడిపోయానండి! మా తాతయ్యకి ఎవరి మీదైనా కోపమొస్తే "బేడ చెయ్యడు" అనేవారు, అది డబ్బు లెక్కని నాకు ఇప్పటిదాకా తెలీదు, ఏదో తిట్టనుకున్నా. మరి ఆ బీటకి ఫెవిక్విక్ పెట్టనా?

పాతప్లేట్ల పిచ్చి:
వద్దు! జిగురు గాడిలోకి దిగితే ఉన్నదీ పోతుంది. ఆ ప్లేట్లు లక్కతో చేసినవి, అందుకే గాజులా పెళుసు. ఆ లక్క చాలావరకు మన దేశం నుంచే పోయేది. ఎండ తగలకుండా నిలువుగా పెట్టు. పాట వినాలంటే ఇంగ్లిష్ హాస్యనటుడు పీటర్ సెల్లర్స్ 1957లో స్కిఫిల్ పద్ధతిలో, అంటే గిటారుతో పాటు ఇంట్లో దొరికే సామాన్లు కూడా వాయిస్తూ పాడే తీరులో, పాడింది కూడా ఉంది. సరదాగానే ఉంటుంది గానీ ఛాంపియన్ పరుగు ముందు అది నడకే.

వాల్తేరు కుర్రాడు:
సరే, ముట్టుకోను. ఇవాళ మళ్లీ మైకు బండి వస్తే మా అమ్మ ఊరికే ఆ ప్లేటు చూపించి ఎంతిస్తావని అడిగింది. అతను గోటితో ఒకసారి కొట్టి చూసి, "ఇనుము కాదమ్మా, తీసుకోం" అని వెళ్లిపోయాడు.